పొట్టేలు ఈనదు కదా!

మన సమాఖ్యలో గొర్రెల కోసం అప్పు తీసుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. సంతకు పోతే పొట్టేలు ఎత్తు, పొడవు, కొమ్ములు చూసి బేరం చేస్తాం. దానికి పుట్టే ఆడపిల్లలు రేపు ఒక్కటి ఈనుతయా, రెండు ఈనుతయా అన్నది ఎవరికి తెలుసు? మన నల్ల దక్కనీ గొర్రె ఈతకు ఎక్కువగా ఒక్క పిల్లనే ఇస్తుంది. కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి. అందుకే ఈ చరిత్ర తెలుసుకుని రాస్తున్నాం.

పశ్చిమ బెంగాల్ సుందరబన్ బురద నేలల్లో గారోల్ అనే చిన్న గొర్రె ఉంది. బరువు 10, 15 కిలోలే గానీ కవలలు దానికి మామూలు. 1790లలో బెంగాల్ గొర్రెలను కలకత్తా నుంచి ఓడల్లో ఆస్ట్రేలియా తీసుకుపోయారు. అక్కడి మందల్లో కలిసిపోయాయి, పేరు కూడా మరుగున పడింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు బూరూలా అనే చోట సియర్స్ అన్నదమ్ములు, ఈతకు రెండు మూడు పిల్లలు పెట్టే మెరినో గొర్రెలను ఏరి పెంచారు. ఇదంతా ఒకే జన్యువు పని అని 1980 నాటికి శాస్త్రవేత్తలు తేల్చారు.

కానీ పొట్టేలులో అది ఉందో లేదో ఎట్లా తెలిసేది? పొట్టేలు ఈనదు కదా! దాని బిడ్డలు పెరిగి ఈనేదాకా ఏళ్ళ తరబడి ఆగాల్సిందే. 2001లో మూడు బృందాలు వేర్వేరుగా ఆ జన్యువులో మార్పు ఎక్కడుందో కనిపెట్టాయి. అప్పటినుంచి చిన్న పిల్లకు కాస్త రక్తం తీసి పరీక్ష చేస్తే చాలు. గారోల్‌లో కూడా అదే మార్పు దొరికింది. మన దేశం సొత్తే తిరిగి తిరిగి బయటపడ్డట్టు!

మహారాష్ట్ర ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ గారోల్‌ను దక్కనీతో కలిపి, ఈ పరీక్షతో పొట్టేళ్ళను ఎంచి, సువర్ణ అనే రకం తయారుచేసింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఇట్లా రెండు వైపులా జన్యువు ఉన్న పొట్టేలు తన ప్రతి పిల్లకూ ఒకటి ఇస్తుంది. ఒక్కటి ఉన్న గొర్రెకు కవలలు పుట్టే అవకాశం బాగా పెరుగుతుంది. రెండూ ఉన్నదానికి ముగ్గురు కూడా పుట్టవచ్చు. అది మందకు బరువే.

ఎందుకంటే జన్యువు పిల్లల్ని ఇస్తుంది గానీ పాలు ఇవ్వదు. పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక అక్క గొర్రె కవలలు ఈనింది. మేత లేక తల్లికి పాలు చాలలేదు. చిన్నదానికి మేకపాలు సీసాతో పట్టాం, రాత్రిళ్ళు వంతులవారీగా లేచి. అది బతికింది. ఆడపిల్లే.