దుర్భిక్షమనే మాటకు అర్థం

మొన్న మా మనుమరాలు పళ్ళెంలో సగం సంగటి విడిచి లేచింది. "ఓడ దిగిన గింజ తిని పెరిగినవాణ్ణమ్మా, పారవేయడం చూడలేను" అన్నాను. "సంగటికీ ఓడకూ ఏం సంబంధం తాతా?" అని అడిగింది. అప్పుడు రెండు మాటలలో చెప్పలేకపోయాను. అందుకే ఈ టపా.

1955 జనవరిలో మద్రాసు చేరువనున్న ఆవడిలో జరిగిన కాంగ్రెసు మహాసభ, సామ్యవాద తరహా సమాజమే మన గమ్యమని తీర్మానించింది. పెద్ద ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, పంచవర్ష ప్రణాళికలు దాని ఆయుధాలు. అయితే కర్మాగారంలో పనిచేసేవానికైనా కడుపుకు గింజ కావాలి గదా. 1954లో అమెరికా ఒక చట్టం చేసి, తన దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని ఇతర దేశాలకు వారి నాణెంతోనే అమ్మసాగింది. ఆ చట్టం సంఖ్యే పి.ఎల్. 480. మనతో తొలి ఒప్పందం 1956 ఆగస్టులో కుదిరింది. 1960 మే నెలలో నాలుగేళ్ళకు సరిపడా 1 కోటి 60 లక్షల టన్నుల గోధుమలకు, 10 లక్షల టన్నుల బియ్యానికి మరొక పెద్ద ఒప్పందం అయింది. డాలర్లు ఖర్చు కాకుండా రూపాయలకే గింజ దొరుకుతున్నది కనుక, ఉన్న డాలర్లు యంత్రాలకు పోయాయి. సామ్యవాద ప్రణాళిక పెట్టుబడిదారు గాదె మీద ఆనుకుని నిలబడిందన్నమాట.

1965లో వానలు తప్పాయి. అంతకు ముందటి ఏడు దాదాపు 8 కోట్ల 90 లక్షల టన్నులున్న దేశపు తిండిగింజల దిగుబడి, ఆ ఏడు 7 కోట్ల 20 లక్షలకు పడిపోయింది. మరుసటి ఏడూ వానలు మొగం చాటేశాయి. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మాది పుంగనూరు దగ్గరి పల్లె. చెరువు నిండితే వరి, నిండకుంటే రాగి, అదీ లేకుంటే వలస. మా సీమ లెక్క ఇంతే. బడి కోసం నన్ను మదనపల్లెలో పెదనాయన ఇంట ఉంచారు.

తెల్లవారకముందే చౌకధరల దుకాణం ముందు మా సంచి పెట్టి రావడం నా పని. మనుషులకన్నా ముందు సంచులు, రాళ్ళు, పగిలిన చెంబులు వరుసలో నిలిచేవి. ఏ రాయి ఎవరిదో అందరికీ తెలుసు. పెద్ద ఇంటివారి సంచీ కూలివాని సంచీ ఒకే వరుసలో ఉండడం చూసి, సామ్యవాదమంటే ఇదే కాబోలని పెదనాయన నవ్వేవాడు. కొన్నాళ్ళకు పెద్ద ఇంటివారి సంచి వరుసలో కనబడడం మానేసింది. అది పెరటి వాకిలి గుండా నిండి వస్తున్నదని తరువాత తెలిసింది.

కార్డు మీద దొరికినవి బియ్యం కొంచెం, గోధుమలు కొంచెం, ఎర్రని అమెరికా జొన్నలు. మా ఇళ్ళలో అప్పటికి చపాతీ ఎరుగరు. పెద్దమ్మ గోధుమల్ని తిరగట్లో నూకగా విసిరి, రాగిపిండి కలిపి సంగటి గెలికేది. జొన్న సంగటికి గోనెవాసన ఉండేది. బడిలో పాలపొడి పాలు, ఉప్మా పెట్టేవారు. ఆ పొడి వచ్చిన సంచుల మీద రెండు చేతులు కలుపుకొన్న బొమ్మ, దాని కింద అమ్మరాదు, మార్చుకోరాదు అని ఇంగ్లీషులో అచ్చు. ఖాళీ సంచి ఒకటి సంపాదించి పెద్దమ్మ నాకు పుస్తకాల సంచీ కుట్టింది. నేను కూడబలుక్కొని చదివిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే.

ఇక ఓడ మాట. 1965 నడిమికి పాత ఒప్పందం గడువు తీరింది. అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందానికి సమ్మతించలేదు. ఒకటి రెండు నెలలకు సరిపడా మాత్రమే మంజూరు చేస్తూ, పలుపు కుదించి పశువును కట్టినట్లు కట్టాడు. మనం వ్యవసాయాన్ని చక్కదిద్దుకోవాలన్నది ఒక షరతు. ఆ నవంబరులో రోములో మన ఆహారమంత్రి సి. సుబ్రహ్మణ్యం, అమెరికా వ్యవసాయమంత్రి ఫ్రీమన్ ఆ మేరకు ఒక అవగాహనకు వచ్చారు. 1966 జూన్ 6న డాలరుకు 4 రూపాయల 76 పైసలున్న మారకం విలువ 7 రూపాయల 50 పైసలయింది. దాని వెనుకనూ బయటి ఒత్తిడి ఉంది. వియత్నాం మీద బాంబులు ఆపమని మన ప్రభుత్వం అన్నప్పుడు వాషింగ్టన్‌కు కోపం వచ్చింది. ఆ ఏడాది కోటి టన్నులకు పైగా గింజలు దిగుమతి అయ్యాయి. ఓడ రేవు చేరగానే గింజ సరాసరి నోటికి చేరే కాలమది.

తెలుగు పండితునిగా ఇక్కడ ఒక మాట. కరవు, కాటకం, క్షామం ఉండగా దుర్భిక్షమని వేరే మాట ఎందుకు? భిక్ష కూడా దొరకడం కష్టమైన కాలం కనుక. పండకపోవడం కరవు; చేయి చాచినా దొరకకపోవడం, దొరికినా ఇచ్చేవాని ముఖం చూసి మాట్లాడవలసి రావడం దుర్భిక్షం. ఈ వ్యుత్పత్తిని పిల్లలకు ఎన్నో ఏళ్ళు బోధించాను. కానీ దాని అర్థం నాకు తెలిసింది నిఘంటువులో కాదు.

సోమవారం రాత్రి భోజనం మానమని శాస్త్రిగారు దేశాన్ని కోరారు. మా తాత ఆ మాట పట్టాడు. శాస్త్రిగారు 1966 జనవరి 11న తాష్కెంటులో కన్నుమూశాక కూడా మా ఇంట సోమవారం రాత్రి పొయ్యి వెలగలేదు. మా చేనికి కూలికి వచ్చే ఒకామె అది విని, "సోమారం ఒగటేనా సామీ? మాకు మంగళారం, బుధారం గూడా ఆయప్పే చెప్పినాడా?" అంది. తాత బదులు చెప్పలేదు. తరువాతి సోమవారం నుండి మిగిలిన పిండి ఆమె ఇంటికి పంపాడు. దానమా అని అవ్వ అడిగితే, "లెక్క సరిచేస్తున్నా" అన్నాడు.

ఆ వేసవి సెలవులలో అమ్మ పుట్టినిల్లయిన కుప్పం వెళ్ళాం. పుంగనూరు నుండి పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. కుప్పం దాటితే ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం. అప్పటికి రాష్ట్రమే ఒక ఆహార మండలం, అనుమతి లేనిదే బియ్యం పొలిమేర దాటరాదు. వాణియంబాడిలో బాలింతగా ఉన్న పిన్నమ్మ కోసం అమ్మ రెండు సేర్ల బియ్యం నా పుస్తకాల సంచిలో పోసింది. సరిహద్దు దగ్గర ఒకచోట బస్సు ఆపి సంచి విప్పించారు. తనిఖీ చేసినాయన దాని మీది ఇంగ్లీషు చదివి నవ్వాడు. బియ్యం ఉంచుకొని సంచి తిరిగి ఇచ్చాడు. అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. 1967లో ఆ పొలిమేర అవతల అన్నాదురై పక్షం రూపాయికి మూడు పడుల బియ్యం ఇస్తామని చెప్పి గెలిచిందని విన్నప్పుడు, మా ఇంట ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తరువాతి కథ సుఖాంతమే. మెక్సికో గోధుమ విత్తనం వచ్చింది. వరిలో ఐ.ఆర్. 8 వచ్చింది, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి పేరు పొందారు. 1974లో అమెరికా తన పేర మన దేశంలో పోగుపడిన రూపాయలలో 1,664 కోట్లకు చెక్కు రాసి మనకే తిరిగి ఇచ్చింది. గింజ ఇచ్చి ప్రాణాలు నిలిపినవారిని తూలనాడడం కృతఘ్నత. నేను ఆ పాలు తాగాను. పలుపు మరచిపోవడమూ తప్పే.

ఆ గోధుమ రూపాయలలో కొన్నింటితో 1962 నుండి అమెరికా గ్రంథాలయాలు మన భాషల పుస్తకాలు కొన్నాయి. వాటిలో తెలుగూ ఉంది. ఇక్కడ చెదలు తిన్న పుస్తకానికి అక్కడ ప్రతి దొరికితే ఎవరికైనా సంతోషమే. నాకు మాత్రం ఆ సంతోషంలో గోనెవాసన తగులుతుంది.

మనుమరాలికి ఇదంతా చెప్పాను. "సంచి ఏమైంది తాతా?" అని అడిగింది. చిరిగిపోయాక పెద్దమ్మ దానిని పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది. ఆ సంచులు మీ ఇళ్ళలో ఎవరికైనా జ్ఞాపకముంటే తెలుపగలరు.