చచ్చిన ఎలకను ముట్టబాక

మా నాయనకు చదువు రాదు. అయినా నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే. "చంపిన ఎలకను ముట్టు నాయనా, చచ్చిన ఎలకను ముట్టబాక." నడక వచ్చీరాని వయసు నుంచీ ఈ మాట వింటూ పెరిగాను. బీయే, బీయెడ్డు చదివి, 2012 డీఎస్సీలో సోషల్ టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాక గానీ ఆ ఒక్క మాట వెనక ఎంత చరిత్ర ఉందో నాకు తెలిసిరాలేదు. ఆ మాట ఎక్కడ మమ్మల్ని కాపాడిందో, ఎక్కడ సరిపోక మా ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నామో చెప్పాలనే ఇది రాస్తున్నా.

మేం యానాదులం. నెల్లూరు జిల్లాలో ఒక కాలవ కట్ట మీద మా గుడిసెలు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని తోటల కాపలాకు పిలిచేవాళ్ళు, చేపలు పట్టను పిలిచేవాళ్ళు, ఎలకలు పట్టను పిలిచేవాళ్ళు. పెళ్ళికీ పేరంటానికీ పిలిచింది లేదు. వరి పొట్టకొచ్చిన కాణ్ణించి కోత దాకా ఎలకల పని. మట్టికుండలో ఎండుగడ్డి కూరి నిప్పేస్తారు. కుండ మూతిని కలుగుకు ఆనించి, అడుగున ఉండే చిన్న బెజ్జంలోంచి నోటితో ఊదుతారు. పొగంతా కలుగులోకి పోతుంది. దీన్నే ఊదర పెట్టడం అంటాం. మిగతా కన్నాలన్నీ ముందే మట్టితో మూసేసి, పొగకు సొమ్మసిల్లిన ఎలకల్ని తవ్వి తీస్తారు. తోకకింత అని ఆసామి లెక్కగట్టి కూలి ఇచ్చేవాడు. ఎలక కూరకు, అది కలుగులో దాచుకున్న కంకులు కూటికి. ఊదీ ఊదీ మా నాయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

పొద్దుగూకినాక గుడిసెల ముందర నిప్పుచుట్టూ కూచునేవాళ్ళు. మా నాయన, చిన్నాయన, మా తాత, గూడూరు పక్కనుంచి పనికొచ్చిన మామ. బయటివాళ్ళు చూస్తే కల్లు తాగి కబుర్లు చెప్పుకుంటున్నారు అనుకుంటారు. నేను అమ్మ ఒళ్ళో పడుకొని వినేవాణ్ణి. ఏ చేలో ఎన్ని కన్నాలు, ఏ గట్టున ముంగిస తిరుగుతోంది, ఏ చెరువులో నత్తగుల్ల కొంగ మెడ వాల్చింది, ఎవరి దొడ్లో కోళ్ళకు కొక్కెర తగిలింది, అన్నీ ఆ నిప్పుకాడ తేలేవి. పట్టపగలు మనిషిని చూసి బెదరని నక్క పిచ్చిదనీ, దానికి ఎదురు పోకూడదనీ నాకు అక్కడే తెలిసింది.

ఒక రాత్రి మాటలు నాకు బాగా గుర్తు.

"నాలుగు కలుగులు తవ్వినా. ఒక్కటీ కదల్లా. లోపలే చచ్చుండాయి" అన్నాడు తాత.

"మందేమన్నా పెట్టినారేమో" అన్నాడు నాయన.

"మందు తిన్నది దప్పిక్కి నీళ్ళకాడికి పోయి చస్తాది. ఇయ్యి గూట్లోనే చచ్చుండాయి, పిల్లల్తో సహా."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి చిన్నాయనే అన్నాడు, "అయితే ఆ చేను మనకొద్దు."

ఆ చేను వద్దంటే ఆ చేని కూలీ వద్దు, కంకులూ వద్దు. ఆ రాత్రి వాళ్ళు తేల్చిన మాట ఖరీదు మాకు రెండుమూడు పూటల కూడు. మర్నాడు అమ్మ ఊళ్ళోకి నూకలు అప్పుకు పోయింది. ఆమెకూ ఒక లెక్క ఉండేది. ఎలకను కోసినప్పుడు కార్జం మీద తెల్లచుక్కలు కనబడితే, ఆకలి ఎంతున్నా విసిరేసేది. మావాళ్ళు ఏది పడితే అది తింటారని రాసినవాళ్ళు, చెప్పినవాళ్ళు మా అమ్మ ఎన్ని పారేసిందో చూళ్ళేదు.

ఇవన్నీ తెలిసిన నేను బడిలో ఏం చేశానో కూడా చెప్పాలి. మీ నాయనేం చేస్తాడని అయ్యవారు అడిగితే "కూలి" అన్నా. వెనక బెంచీ నుంచి ఎవరో "ఎలకలు పడతాడు సార్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతుకు అడ్డం పడుతుంది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. నాకప్పుడు ఆరేళ్ళు. రేడియోలో వార్త విన్నాక ఊళ్ళో ఒక ఆసామి మా కాలనీ మొదట్లో నిలబడి కేకేశాడు. "మీరు ఎలకలు పట్టేవాళ్ళు. రోగం తెస్తారు. బోరింగుకాడికి రాబాకండి." మూణ్ణాలుగు వారాలు మా అమ్మ కాలవ నీళ్ళే వడగట్టుకుంది. సంక్రాంతి దాటి కంకి బరువెక్కగానే అదే ఆసామి మళ్ళీ వచ్చాడు. "ఏరా, ఎలకలు కోసేస్తుండాయి, రండి."

ఆ సూరత్ కంటే ముందు, ఆగస్టులో, మహారాష్ట్ర బీడ్ జిల్లాలో మామ్లా అనే పల్లెలో ప్లేగు కేసులు బయటపడ్డాయి. అక్కడా ముందు ఎలకలు రాలాయి, తర్వాతే మనుషులకు గడ్డలు లేచాయి. ప్లేగు నడక ఎప్పుడూ అంతే. ఎలక చచ్చి ఒళ్ళు చల్లబడగానే దాని బొచ్చులో బతికే దూకుడు పురుగు వేడి ఒంటిని వెతుక్కుంటూ బయటికొస్తుంది. దగ్గర్లో మనిషి ఉంటే మనిషిని కుడుతుంది. అంటే ఎలక చచ్చిన చోటే అసలు ప్రమాదం. మా తాత ఆ చేను వద్దనుకున్నది ఇందుకే. పురుగు సంగతి ఆయనకు తెలీదు, చోటు సంగతి తెలుసు.

పెద్ద చదువులవాళ్ళకు ఇది ఎప్పుడు తెలిసింది? 1896లో బొంబాయిలో ప్లేగు పడింది. 1897లో సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. ఇళ్ళలో జొరబడి సోదాలు చేసింది, సామాన్లు తగలబెట్టింది. ఎలక నుంచి మనిషికి రోగాన్ని మోసేది ఆ పురుగేనని 1898లో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో చేసిన పరీక్షతో చెబితే, తోటి డాక్టర్లే చాలామంది ఒప్పుకోలేదు. 1905లో పని మొదలుపెట్టిన ప్లేగు కమిషన్ బొంబాయిలో వేలకువేల ఎలకల్ని పట్టించి, కోసి చూశాక గానీ ఆ మాట నిలబడలేదు. కానీ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, హిమాలయాల్లో కుమావూ, గఢ్వాల్ కొండల పల్లెజనం ఇంట్లో ఎలకలు రాలితే ఊరు ఖాళీచేసి పైకి పోయేవాళ్ళు. ఆ సంగతి తెల్లదొరల కాగితాల్లోనే ఉంది. కాగితంలో ఉంది, లెక్కలోకి రాలేదు. బొంబాయిలో కమిషన్ కోసం ఎలకల్ని పట్టిన చేతులు ఎవరివో నేను చదివిన చోట ఎక్కడా కనబడలేదు. కోసిన డాక్టర్ల పేర్లు మాత్రం ఉన్నాయి.

అదే కాలంలో మా గురించి ఏం రాశారో చూడండి. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. ఏడో సంపుటంలో మేమున్నాం. పందికొక్కు కలుగుకు మావాళ్ళు ఊదర పెట్టే తీరు కూడా అందులో ఉంది. చేతిపని రాశారు, చేతి వెనకున్న తెలివిని అడగలేదు. ఇంకోపక్క 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నెల్లూరు యానాదులనూ ఆ చట్టం కిందికి లాగారు. పోలీసు రిజిస్టర్లో మా తాతల తరం పేర్లెక్కాయి, హాజరు పిలిచారు. ఆ ముద్ర చెరపడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారు పాటుపడ్డారు. 1962లో ఆయన మా మీద ఒక పుస్తకమే రాశారు. చట్టం 1952లో పోయింది. దొంగతనం జరిగితే ముందు మా గుడిసెల వైపు చూసే చూపు మాత్రం నా చిన్నతనంలోనూ ఉంది. మా నాయనావాళ్ళు రాత్రుళ్ళు చెప్పుకున్న సంగతులకు కూడా ఒక రిజిస్టరు పెట్టి ఉంటే, ఏ ఏడు ఏ జీవానికి ఏ రోగమో అన్నీ దొరికేవి. మా కోసం పెట్టిన రిజిస్టరు ఒకటే, పోలీసుది.

ఎలక ఒక్కటే కాదు. 1957లో కర్ణాటకలో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడుతున్నాయని ముందు చూసింది ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళే. దాన్ని వాళ్ళు కోతిరోగం అన్నారు. డాక్టర్లు వచ్చి చూసి, అది అడవిలో ఉండే పిడుదు కుట్టడం వల్ల వచ్చే కొత్త రోగమని తేల్చారు. అడవి పేరే రోగానికి పెట్టారు. అక్కడ పల్లెల మాట, పరీక్షశాల మాట ఒకచోట కలిశాయి.

మా ఇంట్లో అవి కలవలేదు.

2005 వానలకు చేలన్నీ నీళ్ళు. చిన్నాయన మోకాటి లోతు బురదలో గట్లు తవ్వాడు. కాళ్ళకు ఎప్పుడూ పగుళ్ళు, గీతలు. ఒకరోజు చలిజ్వరం పట్టింది. పిక్కలు నొప్పి, ముడితే అరిచేవాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. పొగకు ఎర్రబడినాయేమోలే అనుకున్నాం. నాలుగోరోజుకు ఒళ్ళు పచ్చబడింది. పసిరికలని ఆకుపసరు పోయించాం. ఆరో రోజు పెద్దాసుపత్రికి తీసకపోయాం. అప్పటికే ఒంటేలు ఆగిపోయింది. డాక్టరు "తాగుతాడా?" అని అడిగాడు. తాగుతాడన్నాం. అంతే, ఇంకేం అడగలేదు. ఏం పని చేస్తాడని అడగలేదు. మేమూ చెప్పలేదు. ఇంటర్ చదువుతున్న నేను పక్కనే ఉండి కూడా చెప్పలేదు. ఎలకలు పడతాడని ఆ డాక్టరు ముందు అనడానికి నాకు సిగ్గేసింది. రెండోరోజు చిన్నాయన పోయాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళకు ఎలకజ్వరం గురించి చదివాను. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి. 1915లో జపాన్‌లో ఇనాడా అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అది ఎలక మూత్రపిండాల్లో కాపురముంటుంది. ఎలక ఒంటేలుతో బయటికొచ్చి తడిమట్టిలో, నిలవనీళ్ళలో బతుకుతుంది. కాలి పగుళ్ళలోంచి మనిషి ఒంట్లోకి పోతుంది. జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రకళ్ళు, ముదిరితే కామెర్లు, మూత్రం ఆగడం. ముందుగా పోల్చుకుంటే మామూలు పెన్సిలిన్‌తో, డాక్సీసైక్లిన్‌తో నయమయ్యే జబ్బు. చిన్నాయనది అదేనని రుజువు చెయ్యడానికి నా దగ్గర కాగితం లేదు. చదువుతుంటే మాత్రం ఒక్కొక్క లక్షణం ఆయన మంచం పక్క నిలబడి చూసినట్టే ఉంది.

నన్ను ఎక్కువ కుదిపింది ఇంకొకటి. ఈ రోగంలో ఎలక చావదు. దానికే నలతా ఉండదు. గంతులేస్తూ తిరుగుతుంది. చచ్చినదాన్ని ముట్టబాక, బతికినదాన్ని పట్టొచ్చు అనే మా తాతల పాఠం ప్లేగు కాడ నిలబడింది, ఇక్కడ చాల్లేదు. మా పెద్దలకు అన్నీ తెలుసని నేను అనను. వాళ్ళకు కంటికి కనబడేదంతా తెలుసు. కంటికి కనబడనిది చెప్పాల్సినవాళ్ళు మా గుడిసెల దాకా రాలేదు. మా మాట వాళ్ళు వినలేదు, వాళ్ళ మాట మాకు అందలేదు. ఆ మధ్యలో మా చిన్నాయన పోయాడు.

తమిళనాడులో మాలాంటివాళ్ళే ఇరుళులు. 1978లో వాళ్ళు పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు తీసే విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. 2023లో ఆ కులంవాళ్ళు ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చారు. విన్నరోజు మా నాయనకు చెప్తే, "అడిగినోళ్ళుంటే చెప్పేదానికేంరా" అన్నాడు. 2024 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బ ఊళ్ళలో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ తేలింది. చచ్చిన పక్షులు కనబడితే చెప్పండని అందరికీ చాటారు. చెరువుల్లో, చేలల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండే మా కాలనీ దాకా మాత్రం ఎవరూ వచ్చి అడగలేదు.

పోయినేడు ఎనిమిదో తరగతికి అంటురోగాల గురించి చెబుతున్నా. వెనక బెంచీలోంచి మా కులం పిల్లోడు ఒకడు లేచాడు. "సార్, చచ్చిన ఎలకకాడ కూచోబాకని మా తాత చెప్తాడు సార్." పిల్లలు నవ్వారు. నా బడి, నా బెంచీ, నా నవ్వు ఒక్కసారి గుర్తొచ్చాయి. ఈసారి నేను నవ్వలేదు. ఆ పిల్లోడి మాటను బోర్డు మీద ఉన్నదున్నట్టు రాశా. దాని కింద ప్లేగు గురించి రాశా. ఆ పక్కన ఎలకజ్వరం గురించి రాసి, తడిచేలో దిగేటప్పుడు కాళ్ళకు బూట్లుండాలనీ, పుండుంటే దిగకూడదనీ చెప్పా. చివర్లో "మా నాయన కూడా ఎలకలు పట్టేవాడు" అన్నా. క్లాసు ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నానని మా నాయనకు చెప్పా. చాలాసేపు కాళ్ళ వైపు చూసుకుంటూ కూచున్నాడు. తర్వాత అన్నాడు, "మీ చిన్నాయన సంగతి రాయి. జరమొస్తే సిగ్గుపడబాకండని రాయి. డాక్టరు అడక్కపోయినా మనమే చెప్పాలని రాయి, ఎలకలు పడతామయ్యా అని."