సూదిబెజ్జం కెమెరా రంధ్రం తయారీ

సూదిబెజ్జం కెమెరా అనగా కటకం లేని కెమెరా. దీనినే పిన్‌హోల్ కెమెరా అని కూడా అంటారు. వెలుతురు చొరబడని పెట్టెకు ఒక వైపు సన్నని రంధ్రం, ఎదుటి వైపు ఫిల్ము లేదా ఫొటో కాగితం ఉంటాయి. కాంతి ఋజుమార్గంలో ప్రయాణించుట వలన ప్రతిబింబం తలక్రిందులుగా ఏర్పడుతుంది. చిత్రపు స్పష్టత ప్రధానంగా రంధ్రంపై ఆధారపడుతుంది.

చరిత్ర

అరబ్బు శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ (965-1040) చీకటిగదిలో ఏర్పడే ప్రతిబింబాలను పరిశీలించాడు. రంధ్రపు తగిన పరిమాణాన్ని 1857లో జోసెఫ్ పెట్జ్‌వల్, 1891లో లార్డ్ రేలీ గణితపరంగా చర్చించారు. హంపి విరూపాక్షాలయంలో ఒక చీకటి గది గోడపై రాజగోపురం నీడ తలక్రిందులుగా కనిపించుటకు కారణం ఈ సూత్రమే.

రంధ్రపు పరిమాణం

రంధ్రం పెద్దదైతే చిత్రం మసకబారుతుంది. మరీ చిన్నదైతే వివర్తనం వలన మరల మసకబారుతుంది. రంధ్రానికి, ఫిల్ముకు గల దూరాన్ని కాంతి తరంగదైర్ఘ్యంతో (0.00055 మి.మీ.) గుణించి, ఆ లబ్ధపు వర్గమూలాన్ని 1.9తో గుణించిన తగిన వ్యాసం వస్తుంది.

* దూరం 50 మి.మీ. - వ్యాసం 0.32 మి.మీ.
* దూరం 100 మి.మీ. - వ్యాసం 0.45 మి.మీ.
* దూరం 150 మి.మీ. - వ్యాసం 0.55 మి.మీ.

తయారుచేయు విధానం

1. శీతల పానీయపు అల్యూమినియం డబ్బా నుండి 3 సెం.మీ. చతురస్రపు రేకును కత్తిరించి చదును చేయాలి. అంచులు పదునుగా ఉంటాయి కనుక పిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి.
2. రేకును అట్టపై ఉంచి, పూసలు గుచ్చే సన్నని సూదిని నిలువుగా పట్టి మెల్లగా త్రిప్పుతూ నొక్కాలి. ఒకేసారి పొడిచిన అంచు చిరుగుతుంది.
3. వెనుక వైపు ఉబ్బిన భాగాన్ని నున్నని గరుకు కాగితంతో అరగదీయాలి.
4. రెండు వైపుల నుండి సూదితో సరిచేస్తూ, గుండ్రని రంధ్రం వచ్చువరకు ఇట్లే చేయాలి.
5. పెట్టె లోపలికి వచ్చే వైపు నల్లరంగు పూయాలి. రంధ్రం పూడకుండా చూడాలి.

రంధ్రాన్ని భూతద్దంతో పరీక్షించాలి. స్కానరుపై అంగుళానికి 1200 బిందువుల చొప్పున స్కాన్ చేసిన, 0.45 మి.మీ. రంధ్రం అడ్డంగా సుమారు 21 బిందువులు ఉంటుంది.

కాంతి సోకవలసిన సమయం

100 మి.మీ. దూరం, 0.45 మి.మీ. రంధ్రం గల కెమెరా ద్వార సంఖ్య సుమారు 222. మంచి ఎండలో 100 వేగపు ఫిల్ముకు దాదాపు 2 సెకన్లు, 6 వేగపు ఫొటో కాగితానికి అర నిమిషం పడుతుంది. అందువలన నిజామాబాదు ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం వంటి కదలని కట్టడాలు దీనికి అనువైనవి. బోధన్ పరిసరాల చెరకు తోటను గాలి వీచే వేళ తీసిన, ఆకులు పొగవలె అలుక్కుపోతాయి.

సూర్యగ్రహణ పరిశీలన

ఇదే రంధ్రంతో సూర్యబింబాన్ని తెల్ల కాగితంపై పడేట్లు చేయవచ్చును. 1 మీటరు దూరంలో బింబం సుమారు 9 మి.మీ. ఉంటుంది. 1980 ఫిబ్రవరి 16న రంగాపూర్ వేధశాల వద్ద సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించగా, నిజామాబాదులో పాక్షికంగానే కనిపించింది. ఇట్టి పాక్షిక గ్రహణాలను చూచుటకు ఈ పద్ధతి ఉపయోగకరం. సూర్యునికి వీపు పెట్టి కాగితంపై బింబాన్నే చూడాలి. రంధ్రం గుండా సూర్యుని ఎన్నడూ చూడరాదు, కంటిచూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చును.