గనుల మూసివేత ప్రణాళిక: తవ్విన భూమిని పునరుద్ధరించే బాధ్యత లీజుదారులదే

ఖనిజం తీయడం పూర్తి అయినంత మాత్రాన లీజుదారుని బాధ్యత తీరదు. తవ్వి వదిలివేసిన గోతులలో వర్షపు నీరు నిలిచి పిల్లలకు, పశువులకు ప్రాణాపాయం ఏర్పడుతుంది. వ్యర్థపు గుట్టల నుంచి కొట్టుకువచ్చే మట్టి చెరువులలోను, పొలాలలోను మేట వేస్తుంది. ఈ నష్టాన్ని నివారించేందుకు గనుల మూసివేత ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం 2003లో నిబంధనల ద్వారా తప్పనిసరి చేసింది. ప్రస్తుతం 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనలు అమలులో ఉన్నాయి.

రెండు దశలు

గని నడుస్తున్న కాలంలోనే దశలవారీగా చేపట్టవలసిన పనులను వివరించేది క్రమానుగత మూసివేత ప్రణాళిక. ఇది గనుల ప్రణాళికలో భాగంగా ఉంటుంది. గని మూసివేతకు రెండేళ్ళు ముందుగా తుది ప్రణాళికను ఆమోదానికి సమర్పించవలసి ఉంటుంది. జరిగిన పునరుద్ధరణ పనులపై ఏటా జులై 1వ తేదీలోగా నివేదిక ఇవ్వాలి.

చేయవలసిన పనులు

తవ్వకానికి ముందు సారవంతమైన పైమట్టిని తొలగించి విడిగా భద్రపరచాలి. వ్యర్థ శిలలు, మట్టితో గోతులను పూడ్చి, పైమట్టి పరచి మొక్కలు నాటాలి. పూడ్చడం సాధ్యం కాని చోట గుట్టలను మెట్లుగా మలచి పచ్చదనంతో స్థిరపరచాలి. పైమట్టి వ్యర్థాలలో కలిసిపోతే అదే నేలపై తిరిగి పచ్చదనం పెంచడం కష్టమవుతుంది. అందువల్ల పునరుద్ధరణ తవ్వకం తొలినాటి నుంచే ఆరంభం కావాలి.

ఆర్థిక హామీ

2021 సవరణ ప్రకారం 'ఎ' తరగతి గనులకు హెక్టారుకు రూ. 5 లక్షలు, 'బి' తరగతి గనులకు రూ. 3 లక్షల చొప్పున ఆర్థిక హామీ నిర్ణయమైంది. అంతకు ముందు ఇవి వరుసగా రూ. 3 లక్షలు, రూ. 2 లక్షలుగా ఉండేవి. గడువులోగా తుది ప్రణాళిక సమర్పించకపోతే హామీ మొత్తాన్ని జప్తు చేయవచ్చు.

వర్తింపు

బొగ్గు గనులకు ఈ నిబంధనలు వర్తించవు. వాటికి 2009 నుంచి ప్రత్యేక మార్గదర్శకాలు, ఎస్క్రో ఖాతా విధానం ఉన్నాయి. సింగరేణి గనులు ఈ కోవలోనివి. కంకర, గ్రానైట్ వంటి చిన్నతరహా ఖనిజాలకు 1957 నాటి గనుల చట్టం 15వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వాలే నిబంధనలు రూపొందిస్తాయి.

తవ్వకం ముగిసిన భూములలో తిరిగి గడ్డి పెంచాలన్న షరతును లీజులలో చేర్చాలని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. పశుగ్రాసం, ఇతర వృక్షజాలం పెరుగుదలకు వీలుగా భూమిని సిద్ధం చేయాలన్నది ఈ ఆదేశం ఉద్దేశం.