పోలీసు బెల్టు చెప్పే చరిత్ర

మన పోలీసు అధికారులు ధరించే, భుజం మీదుగా నడుముకు దిగే తోలు పట్టీకి శామ్ బ్రౌన్ బెల్టు అని పేరు. 1858లో తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో ఎడమ చేయి కోల్పోయిన ఆంగ్లేయ సేనాని శామ్యూల్ బ్రౌన్ ఒంటిచేత్తో కత్తి దూయవలసి వచ్చినప్పుడు ఒర కదలకుండా ఉండేందుకు దానిని రూపొందించుకున్నాడు. ఆ పట్టీ పుట్టింది అవసరం కోసం. అలంకారం కోసం కాదు.

1861లో పోలీసు చట్టం వచ్చింది. 1857 భయం నుంచి పుట్టిన ఆ వ్యవస్థ ప్రజల రక్షణ కన్నా పాలకుల అధికార ప్రదర్శనకే ప్రాధాన్యమిచ్చింది. కాలక్రమంలో కత్తి పోయింది, పట్టీ మిగిలింది. అవసరం హోదాగా మారింది.

స్వతంత్ర భారతంలో 1969-70 నుంచి పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం అమలవుతున్నది. 2022 అక్టోబరులో ప్రధానమంత్రి 'ఒకే దేశం, ఒకే పోలీసు యూనిఫాం' అన్న ఆలోచనను ముందుంచారు. చర్చ మాత్రం దుస్తుల చుట్టే తిరిగింది. తుపాకీని ఎవరూ లాక్కుపోకుండా గొలుసుతో నడుముకు కట్టుకునే జవాను ఇప్పటికీ మన వీధుల్లో కనిపిస్తాడు.

ఇది చిన్న విషయం కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపాన చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు హతులైనప్పుడు, వారు పోలీసుల పిస్తోళ్ళు లాక్కున్నారని అధికారులు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. 2020 జులైలో కాన్పూర్ వద్ద వికాస్ దూబే మరణించినప్పుడూ పోలీసులు అదే మాట చెప్పారు. అక్కడి విచారణ కమిషన్ పోలీసులను సమర్థించింది. తీర్పులు వేరైనా ప్రశ్న ఒక్కటే: అధికారి నడుమున ఉన్న ఆయుధం పరాయి చేతికి అంత సులువుగా ఎలా చిక్కుతుంది?

అమెరికాలో పోలీసులు తమ తుపాకులకే బలైన ఘటనల దరిమిలా, పరాయి చేతికి ఆయుధాన్ని సులువుగా వదలని ఒరలు 1970ల నుంచి వాడుకలోకి వచ్చాయి. అటువంటి ఒర కానిస్టేబులు ప్రాణానికి రక్ష; నిందితుడి ప్రాణానికీ రక్షే. 'లాక్కున్నాడు' అన్న వాంగ్మూలాన్ని అది భౌతిక పరీక్షకు నిలబెడుతుంది. ఆధునికీకరణ పద్దులో దానికి చోటు కల్పించడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు. భారమల్లా ఆ పరీక్షకు సిద్ధపడటమే.