పారేసిన పొట్లం - ఎండు నాచు కథ

మేము ఒషావా వచ్చిన రెండో వేసవిలో, మాతో పనిచేసే న్యూ బ్రన్స్‌విక్ పెద్దాయన ఒకరు చిన్న కాగితం పొట్లం ఇచ్చారు. విప్పి చూస్తే ముదురు ఊదారంగు ఎండుటాకుల్లాంటివి. పేరు డల్స్, సముద్రపు నాచు, పల్లీల్లాగా ఊరికే నమలడమే అన్నారు. గదిలో అందరం తలో ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు చేప వాసనొస్తోందిరా" అని నవ్వుకుని, పొట్లం పొయ్యి పక్కనే వదిలేశాం. పది రోజులకు మెత్తబడి, పైన తెల్లటి పొడి పట్టింది. బూజనుకుని చెత్తలో వేశాం. ఆ సంగతి చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. బూజు కాదట, నాచులోని ఉప్పే పైకి తేలిందట. సిగ్గుపడి, దాని కథేమిటో తెలుసుకున్నాం.

మన ఒంటారియో సరస్సు మంచినీటిది. ఒడ్డుకు కొట్టుకొచ్చే పచ్చటి పాచికీ దీనికీ సంబంధం లేదు. డల్స్‌కు పేరుపడ్డ చోటు ఫండీ అఖాతంలోని గ్రాండ్ మనాన్ దీవి. అక్కడ ఆటుపోట్ల తేడా మన కాకినాడ, విశాఖ తీరాల్లో కలలో కూడా చూడం. అఖాతం లోపలి కొసన 16 మీటర్ల దాకా ఉంటుంది. దీవి పడమటి వైపు డార్క్ హార్బర్ అనే రేవుంది. వెనక కొండ గోడలా నిలబడి ఉదయపు ఎండను ఆపడంతో అక్కడి నాచు దళసరిగా, ముదురు రంగులో పెరుగుతుందంటారు. నీరు తీసినప్పుడు రాళ్ల మీద నుంచి చేత్తోనే పీకుతారు. మంచి ఎండలో పరిచి, తిరగేసి, ఒక్క పూటలో ఎండబెడతారు. మధ్యలో వాన పడిందా, ఆ రోజు కష్టమంతా పోయినట్టే. వడియాలు పెట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ గుబులు వేరే చెప్పాలా?

నాచును ఎండబెట్టి దాచడంలో జపానువాళ్లు ఇంకా పాతకాపులు. క్రీ.శ. 701 నాటి తైహో శాసనంలో పన్నుగా చెల్లించే సరుకుల్లో నాచు కూడా ఉంది. కాగితంలా పల్చగా ఎండబెట్టే నోరి 18వ శతాబ్దానికి ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, బాగా వాడుకలోకి వచ్చింది. దాని శత్రువు తేమ. అందుకే డబ్బాలో కాల్చిన సున్నం పొట్లం పెట్టే పద్ధతి వచ్చింది. మన ఇళ్లల్లో తాంబూలానికి వాడేది తడి సున్నం, ఇది పొడిది. నీళ్లు తగిలితే భగ్గున వేడెక్కుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. ఇప్పుడు చెప్పుల పెట్టెల్లో కనిపించే గాజుపూసల్లాంటి సిలికా జెల్‌కు అమెరికాలో వాల్టర్ పాట్రిక్ 1919లో పేటెంటు పొందాడు. అది అంతగా వేడెక్కదు. అయినా తినేది కాదు.

కొంబు అనే దళసరి నాచు సంగతి తమాషాగా ఉంటుంది. హొక్కైడో నుంచి ఓడల్లో వచ్చి, త్సురుగ రేవు గోదాముల్లో చలికాలమంతా నిలవుంటే దాని రుచి పెరిగిందట. అప్పటి నుంచి కావాలనే ఏళ్ల తరబడి నిలవబెడుతున్నారు. మన పాత చింతపండులాగే! నోరికి మాత్రం ఆ భాగ్యం లేదు. వెలుగు తగిలినా రంగు వెలిసిపోతుంది.

క్యాంపు గదుల్లో వంట ఆవిరి మనకు తెలిసిందే. బిగువు మూత డబ్బా, పొయ్యికి దూరంగా చీకటి మూల, తీసే చెయ్యి పొడిగా ఉండడం, ఇంతే కావాలి. ఫ్రిజ్‌లో పెడితే చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. తెల్లపొడి కనిపిస్తే ముందు వాసన చూడండి. నూగులా ఉండి ముక్కవాసన కొడితేనే బూజు.

పెద్దాయన రిటైరై వెళ్లిపోతూ మరో పొట్లం ఇచ్చారు. దాన్ని హార్లిక్స్ సీసాలో పోశాం. మూత ఆయన ముందే బిగించాం.