పాత బస్సుకు కొత్త రూపు: మన వర్క్‌షాపు పనికి కొంత చరిత్ర



2020 జూన్‌లో మన ఆర్టీసీ కార్గో, పార్శిల్ సర్వీసులను ప్రారంభించిన సంగతి మీ అందరికీ విదితమే. కరోనా లాక్‌డౌన్ వల్ల బస్సులు సుమారు రెండు నెలలు డిపోల్లోనే నిలిచిపోయి, ఆదాయం లేక సంస్థ సతమతమవుతున్న రోజులవి. అప్పుడు పాత బస్సుల్లో సీట్లు తీసి, కిటికీలను రేకుతో మూసి, సరుకు బండ్లుగా మార్చారు. వాటిని చూసి మా ఇంట్లో పిల్లలు "సీట్లు పీకేస్తే బస్సు లారీ అయిపోతుందన్నమాట, ఎంత సులువు!" అన్నారు. అది అంత సులువు కాదని, దాని వెనుక చాలా ఏళ్ల పనితనం ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన సంస్థకు మూలం 1932లో నిజాం స్టేట్ రైల్వేలో ఏర్పడిన రోడ్డు రవాణా విభాగం. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో అది మొదలైంది. అప్పటి ఆల్బియన్ బండ్లు స్కాట్లాండులో తయారైనవి. ఆ రోజుల్లో కలపతో చట్రం కట్టి దాని మీద రేకు కొట్టడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. కనుక బస్సు బాడీ పని మొదట వడ్రంగి పనే. తర్వాత కలప పోయి ఇనుప యాంగిళ్లు, అల్యూమినియం రేకు వచ్చాయి. 1951 నవంబరు 1న ఆ విభాగం హైదరాబాద్ ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. బండ్లు పెరిగిన కొద్దీ వర్క్‌షాపులూ పెరిగాయి. కరీంనగర్ జోనల్ వర్క్‌షాపు అలా మన ప్రాంతపు బస్సులకు పుట్టినిల్లు కాకపోయినా ఆసుపత్రి అయింది.

ఇక పని సంగతి. ఇనుప చట్రం మీద అల్యూమినియం రేకును నేరుగా బిగిస్తే, వానకాలంలో తడి చేరి రెండింటి మధ్య తుప్పు పుడుతుంది. అందుకే మధ్యలో ప్రైమరు రంగు తప్పనిసరి. పాత పద్ధతి రివెట్టు కొట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు బయట నిలబడి సుత్తితో కొడితే, మరొకరు లోపల బరువైన ఇనుప దిమ్మను రివెట్టుకు ఆనించి పట్టుకోవాలి. పట్టు సడలితే రేకు సొట్టపోతుంది. బయటి నుంచి చూసేవారికి కొట్టినవాడే కనబడతాడు గాని, లోపల పట్టినవాడి పనితనం మీదనే రివెట్టు నిలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఉస్తాదులు ముందుగా నేర్పేది ఈ పట్టుకోవడమే.

పాత బస్సును మార్చేటప్పుడు చిక్కులు వేరుగా ఉంటాయి. సీటు తీస్తే నేలలో బోల్టు రంధ్రాలు మిగులుతాయి. వాటిని సరిగ్గా మూయకపోతే చక్రాలు చిమ్మిన బురదనీరు సరుకును తడుపుతుంది. కిటికీ అద్దాలు తీయవచ్చు గాని నిలువు పట్టీలను కదిలించరాదు, పైకప్పు బరువు వాటి మీదనే ఉంటుంది. యాభై మంది ప్రయాణికులు కూర్చుంటే మూడు టన్నుల పైచిలుకు బరువు నేలంతా సర్దుకుంటుంది. అదే మూడు టన్నుల బియ్యం బస్తాలు వెనుక మూలన పేర్చితే కమాను పట్టీలు ఆ భారం ఓర్చుకోలేవు. 2020లోనే పాత బస్సులను మహిళా ఉద్యోగుల కోసం సంచార మరుగుదొడ్లుగా కూడా మార్చారు. అందులో 500 లీటర్ల నీటి ట్యాంకు పెడితే అర టన్ను బరువు ఒకేచోట చేరుతుంది. దానికి అడుగున ప్రత్యేకంగా యాంగిళ్లు వేయక తప్పదు.

బ్యాటరీ పని మరొక విద్య. మన బస్సులకు 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు తీస్తారు. పాజిటివ్ వైపు తీగలు నడుస్తాయి, తిరుగుదారి మాత్రం చాసిస్ ఇనుమే. అంటే రేకు పనికీ కరెంటు పనికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు పట్టినా, రంగు వేసినవారు ఆ చోటు గీకి శుభ్రం చేయకపోయినా దీపాలు మసకబారతాయి, సెల్ఫ్ తిరగదు. బల్బు మార్చినా, బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ ముందుగా గరుకు కాగితంతో ఎర్తు బోల్టు రుద్ది చూస్తాడు.

బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్తు వైపు ముందు తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. లేకుంటే పాజిటివ్ మీద ఉన్న పానా చాసిస్‌కు తగిలి నిప్పులు చిమ్ముతుంది. బాడీకి వెల్డింగు చేసే ముందు బ్యాటరీని, ఆల్టర్నేటరును వేరు చేయాలి. సీట్లతోపాటు దీపాలు తీసేసినప్పుడు తెగిన తీగల కొసలను రేకు వెనుక అలాగే వదిలేస్తే, బండి కుదుపులకు అవి రాసుకొని మంటలు లేవవచ్చు. టేపురికార్డరు కోసం రెండింటిలో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగడం మరొక దురలవాటు. ఒకటి ఎప్పుడూ నీరసిస్తుంది, మరొకటి అతిగా చార్జి అయి ఉడికిపోతుంది, చివరికి రెండూ పాడవుతాయి.

మన ప్రాంతపు వాతావరణం ఈ పనికి పెద్ద పరీక్ష. చలికాలంలో ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. ఉదయం మొదటి బస్సును తోస్తే గాని కదలని రోజులు ఎవరు మరువగలరు? ఎండాకాలంలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు బ్యాటరీలో నీరు త్వరగా ఆవిరవుతుంది, డిస్టిల్డ్ వాటరు పోయడం మరిస్తే పలకలు చెడిపోతాయి. చలికి, ఎండకు రెండింటికీ ఒకే బండిని నిలబెట్టినవారు మన మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు.

2024 సెప్టెంబరులో కరీంనగర్ నుంచి ఎలక్ట్రిక్ బస్సులు ప్రారంభమయ్యాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ, సంతోషించవలసిన విషయమే. అయితే వాటి బ్యాటరీలు వందల వోల్టులవి. పాత అలవాటు కొద్దీ పానా పట్టుకొని దగ్గరికి వెళ్లరాదు, దానికి వేరే శిక్షణ కావాలి. ఇటువంటి బండ్లను అద్దె ప్రాతిపదికన నడిపే పద్ధతిలో మరమ్మతు కూడా కంపెనీవారిదే. కనుక రేపటి పని మన వర్క్‌షాపు పిల్లల చేతికి వస్తుందా, రాదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. చేతికి పని రాకపోతే విద్య కూడా రాదు. 2020లో అవసరం పడినప్పుడు పాత బస్సులను మార్చుకోగలిగామంటే, ఆ విద్య అప్పటికి ఇంకా సంస్థలో మిగిలి ఉండబట్టే.

1932 నాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ బాగుచేయించి భద్రపరిచింది. బండిని దాచినట్టు పనితనాన్ని దాచలేము, అది మనుషుల చేతుల్లో ఉంటుంది. కనుక బాడీ సెక్షన్‌లో, ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మిత్రులకు నాదొక మనవి. మీకు తెలిసిన కిటుకులు ఒక్క పేజీ అయినా రాసి సంఘానికి పంపండి. రాయలేనివారు చెబితే, ఇంట్లో చదువుకున్న మనవలు, మనవరాళ్లు రాసిపెట్టగలరు. సుత్తి కొట్టినవారి పేర్లతోపాటు లోపల దిమ్మ పట్టినవారి పేర్లు కూడా అందులో ఉండాలని నా కోరిక.